లేగదూడను చూడండి మాస్టర్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళలో కరాటే, తైక్వాండో, కిక్‌బాక్సింగ్ నేర్పే మాస్టర్లందరికీ,

జిల్లాల గీతలు ఎన్నిసార్లు మార్చినా మనం పడమటి మండలాల వాళ్ళమే. ఒకరి బెల్ట్ టెస్టుకు ఇంకొకరు పోతారు, ఒకరి టోర్నమెంటులో రిఫరీ మీద ఇంకొకరు అలిగి వస్తారు. అందుకే మూడు ఊళ్ళకూ కలిపి ఒకే జాబు రాస్తున్నాను. నేను మాస్టర్ని కాను. ఒకప్పుడు మీలాంటి ఒకాయన దగ్గర బ్రౌన్ బెల్ట్ దాకా వచ్చి నిలిచిపోయినవాణ్ణి. ఇప్పుడు స్కూల్లో పిలకాయల చేత పరుగులు పెట్టించే పీఈటీని. మా పిలకాయలు సాయంత్రం మీ దగ్గరికి వస్తారు. మర్నాడు పొద్దున మెట్లు దిగలేక గోడ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఆ నడక చూసీ చూసీ ఈ జాబు రాయాల్సి వచ్చింది.

1999లో కిక్‌బాక్సింగ్ కథతో ‘తమ్ముడు’ సినిమా వచ్చింది గుర్తుందా? మా క్లాసు ఆ ఏడాది రెండింతలైంది. ఆ క్లాసు ఈ మూడు ఊళ్ళలో ఎక్కడో చెప్పను. మా మాస్టర్ మంచాయన. ఫీజు కట్టలేనివాణ్ణి కూడా వెనక వరసలో నిలబెట్టుకునేవాడు, నన్ను అలాగే నిలబెట్టుకున్నాడు. అయితే కాళ్ళకు పవర్ రావడానికి ఆయనకు తెలిసిన మందు ఒకటే, కప్ప గంతులు. గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. ఆలస్యంగా వచ్చినా కప్ప గంతులే, కటా అనే కదలికల వరసలో అడుగు మరిచినా కప్ప గంతులే. అవి అయినాక కాలికి రెండు వందల మవాషి గేరిలు, అంటే పక్క నుంచి కాలు తిప్పి తన్నే కిక్కులు. ఆయన ‘ఇచ్, ని, సాన్, షి’ అని కేక పెడుతుంటే మొదటి ఇరవై కిక్కులు ఛాతీ ఎత్తుకు పోయేవి. యాభై దాటినాక నడుము ఎత్తుకు, నూరు దాటినాక మోకాలి ఎత్తుకు. చివరి యాభై దుమ్ము లేపడానికి తప్ప దేనికీ పనికిరావు.

క్లాసులో చేరిన ఎనిమిదో నెలలో నా మోకాలి చిప్ప కింద ఒక బుడిపె లేచింది. ముట్టుకుంటే ప్రాణం పోయేది. అవ్వ ఆముదం కాచి రాసింది. మాస్టర్ ‘గంతులేస్తే అదే సర్దుకుంటుంది’ అన్నాడు. దాని పేరు ఆస్‌గుడ్ ష్లాటర్ అని వ్యాయామ విద్య చదువుకునేటప్పుడు తెలిసింది. తొడ ముందు కండ మోకాలి కిందికి దిగి ఎముకకు అతుక్కునే చోటు ఒకటి ఉంటుంది. పది నుంచి పదిహేనేళ్ళ మధ్య, ఎముక ఇంకా ఎదుగుతున్న వయసులో, ఆ చోటు మెత్తగా ఉంటుంది. గంతు మీద గంతు వేయిస్తూ గుంజితే వాచి, నొప్పి పుట్టి, బుడిపె కడుతుంది. గంతులు తగ్గిస్తే, వయసు దాటితే, మామూలుగా నొప్పి పోతుంది. నా నొప్పి పోయింది, బుడిపె ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి దండం పెట్టాలంటే ఇప్పటికీ కింద తువ్వాలు వేసుకోవాలి.

కోపంతో రాస్తున్నానని అనుకోకండి. ఆయనకు ఆయన మాస్టర్ నేర్పింది అదే. నన్ను బాధపెట్టేది ఇరవై ఐదేళ్ళ తర్వాత కూడా అదే నడుస్తుండడం.

మన పుంగనూరు ఆవును అందరూ దాని ఎత్తు కోసం చూడవస్తారు. మూడడుగులు కూడా ఉండదని ఫోటో తీసుకుని పోతారు. నేను చూడమనేది దాని లేగదూడను. పొద్దున పాలు తాగినాక తాడు విప్పి వదలండి. తోక నిక్కబొడుచుకుని నాలుగు చెంగనాలు వేస్తుంది. ఆగుతుంది. తల్లి పక్కకు పోయి నిలబడుతుంది, చెవులు ఆడిస్తుంది, అసలేమీ జరగనట్టు మనవైపు చూస్తుంది. మళ్ళీ ఉన్నట్టుండి ఇంకో నాలుగు. ఇంక చాలనుకుంటే పడుకుంటుంది. అది వేసే ఒక్కో గంతులో దాని సత్తువ అంతా ఉంటుంది, అర్ధమనసుతో వేసింది ఒక్కటీ ఉండదు. పేలుడు లాంటి బలం ఎలా తేవాలో కోచింగ్ పుస్తకాలు చెప్పేదాంట్లో సగం ఆ దూడ చేసి చూపిస్తుంది.

ఆ ఆగి ఆగి దూకడం ఎందుకో మీకు తెలియనిది కాదు, అయినా ఒకసారి చెప్పనివ్వండి. కండలో అప్పటికప్పుడు వాడుకునే ఇంధనం కొంచెమే ఉంటుంది. పూర్తి జోరుతో పనిచేస్తే పది సెకన్లలోపే అయిపోతుంది. అది మళ్ళీ నిండడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోపు తన్నే కిక్కులు వేరే ఇంధనంతో నడుస్తాయి. స్టామినా పెరుగుతుంది, జోరు పెరగదు. ఇంకో సంగతి. మంచి మవాషి గేరి కాలు లేచి తగిలేలోపు సెకనులో మూడో వంతు కూడా గడవదు. మనిషి కండ తన బలమంతా బయటపెట్టడానికి మామూలుగా అంతకంటే ఎక్కువ సేపు కావాలి. అంటే కాలిలో ఎంత బలం ఉందని అడిగితే సరిపోదు, ఆ రెప్పపాటులో అందులో ఎంత బయటికి వస్తుందని అడగాలి. అలసిన కాలితో తన్నే నూటాయాభయ్యో కిక్కు ఒంటికి మెల్లగా తన్నడాన్నే అలవాటు చేస్తుంది. రెండు వందల కిక్కుల్లో మనం పవర్ కిక్కులు ఇరవై నేర్పి, మెల్లని కిక్కులు నూటాఎనభై నేర్పుతున్నాం.

స్టామినా వద్దా అంటారు. కావాలి, రెండు నిమిషాల రౌండు నిలబడాలి కదా. దానికి వేరే రోజు పెట్టండి. రెండూ ఒకే గంటలో కలిపితే రెండూ చెడతాయి.

మీ అసలు ఇబ్బంది ఇది కాదని నాకు తెలుసు. మీలో ఒకాయన టీ కొట్టు దగ్గర నాతో అన్నాడు, ‘సార్, రెండు నిమిషాలు పిల్లల్ని ఊరికే నిలబెడితే గేటు దగ్గర నిలబడిన వాళ్ళమ్మ ఫీజు దండగ అనుకుంటుంది’ అని. నిజమే, క్లాసులో అమ్ముడుపోయేది చెమట. దీనికి నాకు తోచిన ఉపాయం ఒకటుంది. పిల్లల్ని ముగ్గురేసి చొప్పున విడదీయండి. ఒకడు తన్నాలి, ఒకడు ప్యాడ్ పట్టుకోవాలి, ఒకడు చూసి తప్పు చెప్పాలి. తన్నేవాడికి మూడే కిక్కులు, కానీ ప్యాడ్ పట్టినవాడు వెనక్కి జరగాలి. తర్వాత మారాలి. వాడి వంతు మళ్ళీ వచ్చేలోపు రెండు నిమిషాలు గడిచిపోతాయి. గేటు దగ్గరి వాళ్ళమ్మకు ముగ్గురూ పనిలో ఉన్నట్టే కనిపిస్తారు. చూసే పిల్లవాడు నేర్చుకునేది తన్నేవాడి కంటే ఎక్కువని కొన్నాళ్ళకు మీకే తెలుస్తుంది.

ఇంక బలం సంగతి. నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్‌కు సీజన్లో పొద్దున్నే ఒకసారి పోయి రండి. కాయలు కొనడానికి కాదు, లారీ కింద నిలబడి నిండు క్రేట్లు పైకి అందించే హమాలీని చూడడానికి. నేను ఒక గంట నిలబడి చూశాను. ఆయన వంగేది నడుము దగ్గర కాదు, పిరుదులు వెనక్కి పోతాయి, మోకాళ్ళు కొంచెం మడుచుకుంటాయి, మడమలు నేలను వదలవు. ఒక్క క్షణం అక్కడ ఆగినట్టు ఉంటుంది. తర్వాత నేలను కిందికి నెడతాడు. తొడలు, నడుము ఒక్కసారిగా విచ్చుకుంటాయి, క్రేటు దానంతటది లేచినట్టు ఛాతీ దాకా వస్తుంది. చేతులు దారి చూపించే పని మాత్రమే చేస్తాయి. క్రేటు పైవాడికి అందేసరికి ఈయన మునివేళ్ళ మీద నిలబడి ఉంటాడు. పక్కన కొత్తగా చేరిన కుర్రాడు చేతులతో లాగుతున్నాడు, పది క్రేట్లకే నడుము పట్టుకున్నాడు.

మన కిక్కులో జరిగేదీ ఇదే. నిలబడిన కాలు నేలను నెట్టాలి, దాని మడమ ఎదుటివాడి వైపు తిరగాలి, తుంటి తిరగాలి, తొడ దూసుకుపోవాలి, అన్నిటికంటే ఆఖరున మోకాలు విచ్చుకోవాలి. చెర్నాకోలలో పిడి కదిలి కొస పేలినట్టు. తగిలేది ఒక కాలు, పని చేసేది రెండోది. మనం మాత్రం వందలు లెక్కపెట్టేది తగిలే కాలికే. నిలబడే కాలి గురించి ఏ క్లాసులోనూ ఒక్క మాట వినలేదు.

ఆ కాలికి బలం ఎలా తేవాలో తెలుగువాళ్ళకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. బలశాలి కోడి రామమూర్తి నాయుడు కాలం నుంచి మన తాలింఖానాల్లో బస్కీలు, దండీలు ఉన్నాయి. తైక్వాండో మొదటిసారి పూర్తి ఒలింపిక్ క్రీడగా నిలిచింది 2000 సంవత్సరంలో, సిడ్నీలో. అదే సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస నుంచి పోయిన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ రెండు లిఫ్టుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. ఆ బరువులు లేచింది మొదట కాళ్ళతోనే. లోకమంతా ఇవాళ దూకేవాళ్ళకూ, తన్నేవాళ్ళకూ ఆ లిఫ్టుల ముక్కలే నేర్పిస్తోంది. మన కరాటే వాళ్ళకు మాత్రం బరువెత్తితే కాలు మందగిస్తుందని ఒక నమ్మకం. అలాగైతే మన హమాలీ మెల్లగా కదలాలి కదా.

పిలకాయలకు బార్‌బెల్ అవసరం లేదు. సరిగ్గా కూర్చుని లేచే బస్కీలు, వెనక కాలు అరుగు మీద పెట్టి ఒంటికాలి బస్కీలు, మెట్టు అంచున నిలబడి ఒక్కో మడమ ఎత్తడం, ఇవి చాలు. వారానికి రెండు రోజులు, మూడు నెలలు. పద్దెనిమిది దాటినవాళ్ళకు ఊళ్ళో జిమ్ములు ఉన్నాయి, బరువు మెల్లగా పెంచుకోవచ్చు. గంతులు దాని తర్వాతి మాట.

గంతుల్లో కూడా మొదటి పాఠం దిగడం. ఒకచోట పిల్లల్ని బోర్లించిన టమోటా క్రేట్ల మీదికి దూకించడం చూశాను. ఒకటి, దాని మీద ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి. యూట్యూబులో పెట్టెల మీదికి దూకే వీడియో చూసి వచ్చిన ఆలోచన. మూడో వరసలో క్రేటు జారింది. పదమూడేళ్ళ పిల్లవాడికి మోకాలి కింది ఎముక పొడుగునా చర్మం లేచిపోయింది, కుట్లు పడ్డాయి. వాడు ఏడవలేదు, మాస్టర్ ఏమంటాడో అని చూశాడు. ఆ చూపు నాకు కుట్లకంటే ఎక్కువ గుచ్చుకుంది. పెట్టె ఎత్తు పెంచినంత మాత్రాన ఎగురుడు పెరిగినట్టు కూడా కాదు. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకోవడం వస్తే నడుము అంతగా పైకి లేవకపోయినా ఎత్తు పెట్టె ఎక్కవచ్చు.

దిగేటప్పుడు పాదం చప్పుడు వినండి. కళ్ళు మూసుకుని వింటే ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లి గోడ దిగినట్టు దిగాలి, బస్తా వేసినట్టు కాదు. మిద్దె మీద క్లాసు పెట్టిన మాస్టర్లకు ఒక సుఖం ఉంది. కింద ఇంటాయన తిడుతూ పైకి రాలేదంటే పిల్లలు దిగడం నేర్చుకున్నారని లెక్క. దిగినప్పుడు మోకాలు పాదం వేళ్ళ మీదికి రావాలి, లోపలికి వాలకూడదు. ఆడపిల్లల్లో ఈ లోపలికి వాలడం ఎక్కువ, మోకాలి లోపలి లిగమెంటు తెగే ప్రమాదమూ వాళ్ళకే ఎక్కువ. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తుంటారు కదా, అది నేర్పేది మీలోనే కొందరు. మూడు నెలల్లో ఎవరికీ తల ఎత్తుకు కిక్ రాదు. చుడీదార్ యూనిఫాంలో అసలు రాదు. మోకాలి కిందికి ఒక గట్టి తన్ను, చెయ్యి విదిలించుకోవడం, మొదటి పది అడుగులు జింకలా పరుగెత్తడం నేర్పండి. ఆ పది అడుగుల్లో కావలసింది కూడా ఈ పేలుడు బలమే. ముగింపు రోజు ప్రదర్శనలో పెంకులు పగలగొట్టించకపోతే హెడ్మాస్టరు ఏమీ అనుకోడు, నేను మాట్లాడతాను.

దిగడం వచ్చినాక దూకించండి. కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్ళకు బలశిక్షణ నిపుణులు చెప్పే లెక్క ఒక పూటకు ఎనభై నుంచి నూరు సార్లు పాదం నేలను తాకడం, అంతే. రెండు పూటల మధ్య కనీసం రెండు రోజులు ఎడం. పిలకాయలకు అందులో సగం చాలని నా అనుభవం. మా గ్రౌండు చుట్టూ మూడు రౌండ్ల కప్ప గంతులు ఎన్ని అవుతాయో ఒకరోజు లెక్కపెట్టాను. రెండో రౌండు సగంలో మూడు వందలు దాటింది, లెక్క ఆపేశాను.

ఎత్తు నుంచి కిందికి దిగి వెంటనే పైకి ఎగిరే డెప్త్ జంప్ ఒకటుంది. 1960లలో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ ట్రిపుల్ జంప్ వాళ్ళతో పనిచేస్తూ దాన్ని పద్ధతిగా మలిచాడు. దిగినప్పుడు కండ, దాని స్నాయువు రబ్బరులా సాగుతాయి. ఆ సాగుదల చల్లారకముందే, పావు సెకనులోపే నేల విడిస్తే, ఆ రబ్బరు బలం కూడా ఎగురుడులో కలుస్తుంది. గొప్ప పద్ధతే. కానీ ఏళ్ళ తరబడి బరువులెత్తి కాళ్ళు గట్టిపడిన క్రీడాకారులకు పెట్టిన మందు అది. వీడియోలో పది సెకన్లు చూసి ఆరో తరగతి పిల్లవాడికి పెట్టేది కాదు. వాడికి తాడాట చాలు. స్కిప్పింగ్ తాడుతో చీలమండ ఒక్కటే పని చేసేట్టు, చిన్నగా, చప్పుడు లేకుండా.

స్థలం లేదనే మాట మదనపల్లెలో ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. బాహుదా ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటుంది. కుప్పం వైపు పాలారూ అంతే. ఇసుకలో దూకితే మోకాళ్ళకు దెబ్బ తక్కువ, కొత్తవాళ్ళకు అంతకంటే మంచి చోటు లేదు. ఒక్కటే చిక్కు, ఇసుక పాదాన్ని మింగేస్తుంది, ఆ రబ్బరు బలం అక్కడే ఇంకిపోతుంది. అందుకే మొదటి నెల ఇసుకలో, తర్వాత గట్టి మట్టిలో. సిమెంటు మీద వద్దు. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులకు పైమాటే, సైన్యానికి పోయే కుర్రాళ్ళు ఆ దారిలో కిలోమీటర్లు పరుగెడతారు. తన్నేవాడికి అంత అక్కర్లేదు. ఏదైనా చిన్న గుట్ట ఎగువకు ఇరవై మీటర్లు, పూర్తి జోరుతో, ఐదు సార్లు, నడుచుకుంటూ దిగడం. ఎగువకు పరుగెత్తేటప్పుడు పాదం పడే దెబ్బ తక్కువ, నెట్టాల్సింది ఎక్కువ. మన ఊళ్ళలో మార్గశిరం చలికి పొద్దున ఆరింటికి కాళ్ళు కట్టెల్లా ఉంటాయి, ముందు పావుగంట ఒళ్ళు వేడెక్కించనిదే ఇవేవీ మొదలుపెట్టకండి.

వేడెక్కించడం అంటే కాళ్ళు చీల్చి కూర్చోబెట్టి తొడల మీద నిలబడడం కాదు. ఆ పని చేసే మాస్టర్లు ఇంకా ఉన్నారు, ఎవరో మీకు తెలుసు. కదలకుండా చాలాసేపు సాగదీస్తే ఆ వెంటనే ఎగురుడు తగ్గుతుంది. సాగదీయడం క్లాసు చివర, నిదానంగా, పిల్లవాడు తన ఒంటిబరువుతో తానే చేయాలి.

కుప్పం మాస్టర్లది వేరే బాధ. పెద్ద కుర్రాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోయి రాత్రి దిగుతారు, క్లాసుకు దొరికేది ఆదివారమే. వారం బాకీ అంతా ఆ ఒక్క పూట వసూలు చేస్తారు మీరు. అలా కాకుండా ఆదివారం గంతులు, కిక్కులు పెట్టి, వారం మధ్యలో ఒక రాత్రి ఇంట్లోనే పది నిమిషాల ఒంటికాలి బస్కీలు చేయమనండి. చేస్తారా అంటే, సగం మంది చేయరు. మిగతా సగం కోసం చెప్పండి.

తిండి గురించి ఒక్క మాట. క్లాసులో ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మడం ఎక్కడో మొదలైందని విన్నాను. సంగటి తినే ఇంట్లో ఉలవలు, చెనిక్కాయలు, అనపగింజలు, రెండు గుడ్లు కూడా ఉంటే ఆ డబ్బా దండగ.

ఇంత చేసినాక కాళ్ళకు నిజంగా పవర్ వచ్చిందో లేదో ఎలా తెలియాలి? రంగు బెల్టు ఆ మాట చెప్పదు. పోటీలో మాత్రం కిక్కు విలువ కట్టేసి పెట్టారు. కరాటేలోనైనా తైక్వాండోలోనైనా పంచ్‌కు ఒకటి, కడుపు మీద కిక్కుకు రెండు, తలకు తగిలితే మూడు పాయింట్లు. కాలి పవర్‌కు మన ఊళ్ళలో పాత కొలబద్ద ఒకటుంది, ఉట్టి. కృష్ణాష్టమికి ఉట్టి కట్టి కుర్రాళ్ళను ఎగిరించేవాళ్ళం. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందని సామెత ఊరికే పుట్టలేదు. వేళ్ళకు సుద్ద పూసుకుని గోడ పక్కన నిలబడి, చెయ్యి చాచి ఒక గీత. అక్కడి నుంచే ఎగిరి ఇంకో గీత. రెండింటి మధ్య ఎన్ని అంగుళాలో నోటుబుక్కులో రాయండి. నెలకోసారి కొలవండి. మూడు నెలల్లో ఆ సంఖ్య కదలకపోతే తప్పు పిల్లవాడిది కాదు. ఒకరోజు ఉన్నట్టుండి రెండు మూడు అంగుళాలు పడిపోతే వాడు అలసి ఉన్నాడు, ఆ పూట కటా చేయించి ఇంటికి పంపండి.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి మా స్కూలు పక్క గోడకు నల్లరంగు వేయించి, అంగుళాల గీతలు గీయించి ఉంచుతున్నాను. పిల్లల్ని వెంటబెట్టుకుని మీరూ రండి. టేపు, సుద్ద, టీ నావి. మాస్టర్లలో ఎవరు ఎక్కువ ఎగురుతారని పిలకాయలు అప్పుడే పందేలు కాస్తున్నారు. నా గీత ముందే వేసి ఉంచాను, పదకొండు అంగుళాలు. వచ్చినాక నవ్వుదురు గాని.

ఇట్లు,
మీ క్లాసు పిలకాయల పీఈటీ సారు